కొత్తిమీర ట్యాబు, గుమ్మడికాయ ట్యాబు

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యాను! ఇంగ్లిష్ పేపరుతో సహా అన్నీ పోయాయి, అంటే పాసై పోయాయి! అరవై నిండిన ఏడాదిలో మా ఇంట్లో మొదటి డిగ్రీ. మా తాతది వేలిముద్ర, మా బాపుది వేలిముద్ర. మా అవ్వది, అంటే నన్ను కన్నతల్లిది, ఆ వేలిముద్ర కూడా సరిగ్గా పడేది కాదు. ఆకుకూరల కట్టలు కట్టీ కట్టీ బొటనవేలు నున్నగా అరిగిపోయింది. ఆ ఇంట్లోంచి నేను.

పొద్దున్నే ఫోన్లో రిజల్టు తెరిచి చూశాను. నా పేరు, నా నంబరు, పక్కన పాస్. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. రిఫ్రెష్ మాత్రం కొట్టలేదు. కంటి ముందున్న మంచి పేజీని రిఫ్రెష్ కొట్టకూడదని నేను ఒకరోజు చాలా కష్టపడి నేర్చుకున్నాను. ఆ రోజు సంగతే ఇది. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలూ, యాభై ట్యాబులు తెరిచి పెట్టుకుని ఏది ఎక్కడుందో తెలియక తిప్పలు పడేవాళ్లూ, మీకోసమే రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను, అందరూ చేవెళ్ల రోడ్డు మీద ఇంకా తిరుగుతున్నవాళ్లే.

చేవెళ్ల బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఏళ్ల తరబడి పనిచేశాను. అంతకు ముందు అదే గది టైపింగ్ ఇన్‌స్టిట్యూటు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి కానీ, నేను మాత్రం అదే కుర్చీలో ఉన్నాను. ఓనరు నాకన్నా పదేళ్లు చిన్నవాడు. నేను తమ్మి అనేదాన్ని, అతను అక్క అనేవాడు.

అవి సాఫ్ట్‌వేర్ రోజులు. సిటీ వైపు ఆకాశంలో అద్దాల మేడలు లేస్తుంటే, ఇటు మొయినాబాద్ రోడ్డు మీద పొలాల మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. బర్రెల బేరానికి వచ్చినవాళ్లు కూడా మా గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, కంప్యూటర్ సైన్సు మంచిదా, ఎలక్ట్రానిక్సు మంచిదా?" అని అడిగేవాళ్లు.

కౌన్సెలింగ్ వెబ్‌సైట్లోకి వచ్చేసింది. ర్యాంకు వచ్చిన పిల్లలు తమ నంబరుతో లాగినై, కావలసిన కాలేజీలను వరుసగా పెట్టి సేవ్ చెయ్యాలి. గడువు ముగిసినప్పుడు సైటులో ఏ వరుస ఉంటే దాని ప్రకారమే సీటు. మా దగ్గర నాలుగు కంప్యూటర్లు, బయట మెట్ల మీద నలభై మంది. అలాంటప్పుడు మా ఓనరు ఎక్కడి నుంచో కొత్త బ్రౌజరు తెచ్చి పెట్టాడు.

"అక్కా, గిది చూడు. ఒకటే కిటికీల ఎన్నంటె అన్ని పేజీలు! ఒకని పని అయ్యేదాక ఇంకొకన్ని కూసోబెట్టుడు లేదు. ఇగ మనయి నాలుగు కంప్యూటర్లు గాదు, నలభై!"

నలభై కంప్యూటర్లేమో గానీ నలభై తలనొప్పులు వచ్చాయి. పది ట్యాబులు తెరిస్తే పేర్లు కనబడేవి. ఇరవై దాటితే అన్నీ ఒకేలా ముడుచుకుపోయి, మొదటి మూడక్షరాలు మాత్రం మిగిలేవి. అందరిదీ అదే సైటు కాబట్టి ఆ మూడక్షరాలూ అందరికీ ఒకటే. ఒకరికోసం ఒకటి తెరిచి చూస్తే ఇంకొకరిది వచ్చేది.

మధ్యాహ్నం అవ్వ దగ్గర కూర్చుని తినడం నా అలవాటు. అవ్వ ముడిమ్యాల నుంచి పొద్దున మొదటి బస్సుకు ఆకుకూరల గంప దింపుకుని మార్కెట్లో రోడ్డు పక్కన కూర్చునేది. ఒకరోజు నా మొహం చూసి అడిగింది.

"ఏంది బిడ్డా, కన్నులు గట్ల గుంజుకపోయినయ్?"

"ఏం జెప్పాలె అవ్వా, ముప్పై పేజీలు తెరిచిపెడుతున్నం. ఏది ఏడున్నదో సమజైతలేదు."

"అవి వాడిపోతయా?"

అవ్వకు ఇంటర్నెట్ తెలియదు. కానీ ఆ ప్రశ్న సరిగ్గా తగిలింది. కొన్ని పేజీలు నిజంగానే వాడిపోతాయి. లాగినై కాసేపు ముట్టుకోకపోతే సైటు బయటికి తోసేస్తుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొన్ని మాత్రం ఎన్నాళ్లు తెరిచిపెట్టినా అలాగే ఉంటాయి.

"కొన్ని వాడిపోతయి, కొన్ని ఆగుతయి," అన్నాను.

"మరి ఇంకేంది! ముందుగాల వాడేది ముందల పెట్టు, ఆగేది ఎనుక పెట్టు. గిటు చూడు." గంప చూపించింది. ముందు కొత్తిమీర, తర్వాత మెంతికూర, ఆ వెనుక పాలకూర, టమాటాలు, అన్నిటికంటే వెనుక గుమ్మడికాయ. "ఇంకోటి చెప్త విను. పక్కామె కట్టలు గూడ నేనే అమ్ముత. ఆమెయి గడ్డితోని కడుత, మనయి అరటి నారతోని కడుత. ఎవరియి వాళ్లకు తేడా ఉండాలె. కలిస్తె లొల్లే."

నేను మొదటి ముక్క వినగానే లేచి నిలబడ్డాను. రెండో ముక్క చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. నా ఉద్యోగ జీవితంలో పెద్ద తప్పు ఏమిటంటే, మా అవ్వ మాట సగమే వినడం.

ఆ రోజు నుంచి నా ట్యాబులకు వరుస వచ్చింది. లాగినైన పేజీలు ఎడమ చివర, అవి కొత్తిమీర. హాల్ టికెట్లు, రిజల్టులు మధ్యలో. ఆగే పేజీలన్నీ కుడి వైపు. అన్నిటికంటే కుడి చివర ఒకటి ఎప్పుడూ ఉండేది. దూరవిద్యలో డిగ్రీ చేరే ఫారం, నాది. ఇంటరుతో ఆగిపోయినదాన్ని. ఎలాగైనా డిగ్రీ చెయ్యాలని సగం నింపిపెట్టుకున్నాను. ఎవరో ఒకరు వచ్చేవారు, నాది పక్కకు జరిగేది. గుమ్మడికాయ కదా, ఎక్కడికి పోతుంది అనుకునేదాన్ని.

ఇక ఆ రోజు. ఆప్షన్లకు ఆఖరి రోజు, సాయంత్రం ఆరింటికి గడువు. నా డిగ్రీ ఫారానికి కూడా అదే ఆఖరి రోజు. అది మధ్యాహ్నం తిన్నాక నింపుదామనుకున్నాను.

ముందుగా ముడిమ్యాల వైపు భూములున్న ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్ల బట్టలు, జేబులో రెండు ఫోన్లు. కొడుకు ఫారం నింపాలి. కొడుకును మాత్రం వెంట తేలేదు.

"వాడెందుకమ్మా? వాడు ఇంట్ల ఉంటె సదవడు. ఎంత దూరం పడితె అంత దూరం తోలు. విజయవాడ, గుంటూరు, ఇంకా దూరముంటె అది రాయి."

లాగిన్ చేశాను. రెండు కాలేజీలు పెట్టగానే, బామ్మర్దిని ఒక మాట అడిగి వస్తానని ఫోను చెవికి పెట్టుకుని బయటికి పోయాడు. ఆ ట్యాబు అలాగే ఉంచి పక్కన ఇంకొకటి తెరిచాను.

అది కనకమామిడి నుంచి వచ్చిన అమ్మాయిది. వాళ్ల నాన్న ఒక సిటీవాళ్ల ఫామ్‌హౌసుకు వాచ్‌మన్. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"చెల్లె, ఒక్కటే మాట. బస్సు ఎక్కి పొద్దుగూకె లోపట ఇంటికి రావాలె. గంత దగ్గరుంటె సదివిస్త. హాస్టలంటె నా తోని గాదు. దూరం సీటొచ్చిందంటె ఇగ సదువు బందే."

ఆ పిల్ల చేతిలోని పుస్తకం తెరిచింది. నోట్‌బుక్కు కాగితం మీద తొమ్మిది కాలేజీలు రాసుకొచ్చింది, అన్నీ మొయినాబాద్ రోడ్డువే. ఎక్కడ బస్సు దిగాలో కూడా పక్కన రాసుకుంది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నేను గోడవైపు తిరిగాను. అది నేను పెట్టుకున్న నియమం. తొమ్మిదీ పెట్టాం, సేవ్ చేశాం, ప్రింటు తీసి ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది. తండ్రీ కూతుళ్లు బస్సెక్కిపోయారు.

పెద్దమనిషి తిరిగి వచ్చాడు. "ఇగ ఫైనల్, రాసుకో," అన్నాడు. అతని ట్యాబులోకి పోయి మిగతా దూరం కాలేజీలన్నీ పెట్టి, సేవ్ కొట్టి, ప్రింటు తీసి చేతికిచ్చాను. అతను కాగితాన్ని దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని చదివాడు.

"ఏమమ్మా, మావోడు ఆడపిల్ల ఎప్పుడైండు?"

కాగితం పైన ఆ అమ్మాయి పేరు. కింద విజయవాడ, గుంటూరు.

జరిగింది ఏమిటంటే, ట్యాబులు ఎన్ని ఉన్నా ఆ సైటు దృష్టిలో బ్రౌజరు ఒకటే, అందులో కూర్చున్న మనిషీ ఒక్కరే. ఆఖరున ఎవరు లాగినైతే అన్ని ట్యాబులూ వాళ్లవే. ఆ అమ్మాయి లాగినైన క్షణం నుంచి పెద్దమనిషి ట్యాబు పైకి అతని కొడుకుది, లోపల ఆమెది. అందులో నేను సేవ్ కొట్టిందంతా ఆమె జాబితా మీద పడింది. గడ్డి కట్టలూ నార కట్టలూ కలిసిపోయాయి.

"తమ్మీ!" అని అరిచాను. ఓనరు పరుగెత్తి వచ్చాడు. అతనికి చెప్పడం ఇంకా పూర్తికాలేదు, కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. యూపీఎస్ కుయ్యి కుయ్యి అనడం మొదలుపెట్టింది.

"అక్కా, అన్ని బంద్ చెయ్! యూపీఎస్ పాతది, ఐదు నిమిషాలు గూడ ఆగదు!"

"చెయ్యి తియ్ తమ్మీ! ముట్టినవంటె ఊకోను!"

ఒకటి మాత్రం తట్టింది నాకు. సైటులో ఆ పిల్ల వరుస చెడిపోయింది. కానీ ఆమె ట్యాబును ఇంకా ఎవరూ కదిలించలేదు. అందులో ఆమె తొమ్మిది కాలేజీలూ ఇందాకటిలాగే కనబడుతూ ఉంటాయి. ఆ పేజీలోంచి మళ్లీ సేవ్ కొడితే మళ్లీ ఆమె వరుసే పడుతుంది. అయితే ముప్పై పైన ట్యాబులు, అన్నిటి మీదా అవే మూడక్షరాలు. వెతుకుతూ కూర్చునే సమయం లేదు.

కొత్తిమీర ఎడమ చివర. అందులోనూ ముందొచ్చినవాళ్లది ముందు. మొదటిది పెద్దమనిషిది. కాబట్టి రెండోది. నొక్కాను. పేజీ నెమ్మదిగా తెరుచుకుంది. మొయినాబాద్ రోడ్డు కాలేజీలు, ఒకటి నుంచి తొమ్మిది దాకా.

"ఒకపారి రిఫ్రెష్ గొట్టక్కా, కరెక్టుగ ఉన్నదో లేదో చూద్దాం," అంటూ ఓనరు కీబోర్డు మీదికి చెయ్యి చాపాడు. ఆ చేతి మీద ఒక్కటిచ్చాను. రిఫ్రెష్ కొడితే సైటులో ఉన్న చెడిపోయిన జాబితా వచ్చి, కంటి ముందున్న మంచిది పోతుంది.

సేవ్ నొక్కాను. గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది. యూపీఎస్ ఒక్కసారి పొడుగ్గా కూసింది. తెర నల్లబడింది.

సేవ్ అయిందా, కాలేదా? ఎవరికీ తెలియదు.

పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ కంప్యూటర్ల కన్న పాత పట్వారి లెక్క కాయితాల బస్తనే నయం గదనే. బస్తకు కరెంటు అక్కెర లేదు."

నాలుగుంపావు అయింది. ఆ అమ్మాయి పాస్‌వర్డు నాకు తెలియదు, వాళ్లకు ఫోను లేదు. పెద్దమనిషి కొడుకు ఫారం కరెంటు రాగానే వేరే కంప్యూటర్లో చెయ్యమని ఓనరుకు చెప్పి, రోడ్డు మీదికి పరుగెత్తాను. (ఐదింటికి కరెంటు వచ్చింది, ఆ అబ్బాయి కోరినంత దూరం పోయాడు. తండ్రి కోరినంత.)

షేర్ ఆటోలో కనకమామిడి దాకా. అక్కడి నుంచి ఆ ఫామ్‌హౌసు ఎక్కడని అడుగుతూ మట్టి బాటన నడక. గేటు దగ్గర కుక్క మొరిగితే ఆ తండ్రి బయటికి వచ్చాడు. నన్ను చూడగానే అతని మొహం మారిపోయింది. దారి పొడవునా ఏదో ఒకటి సర్దిచెప్పాలనుకున్నాను. "ఊకెనే ఒకసారి చెక్ చేద్దామని వచ్చిన" అంటే సరిపోతుంది కదా అనుకున్నాను. కానీ అతను విడిచిన ఆ చెప్పులు గుర్తొచ్చాయి.

"అన్నా, తప్పు నాది. నీ బిడ్డ ఫారంల ఇంకొకని కాలేజీలు పడ్డయి. దూరంయి. మల్ల సరి చేసిన, గని కరెంటు బోయింది. పడ్డదో లేదో తెల్వది. ఆరింటి లోపట చూడాలె."

నేను తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాను.

"నువ్వు రాకపోతె మాకెట్ల తెలుస్తుండె, చెల్లె," అన్నాడు చివరికి. తర్వాత లోపలికి తిరిగి, "బిడ్డా, ఆ పుస్తకం పట్కొని రా, జల్ది!"

ముగ్గురం ఆటోలో మొయినాబాద్ పోయాం. అక్కడ కరెంటు ఉంది. ఒక సెంటర్లో ఖాళీగా ఉన్న కంప్యూటరు ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. ఆమె పాస్‌వర్డు కొడుతుంటే అలవాటుకొద్దీ గోడవైపు తిరిగాను. తిరిగినదాన్ని మళ్లీ ఇటు తిరగలేకపోయాను. చూసే ధైర్యం లేదు.

"ఏమొచ్చింది?" అని గోడనే అడిగాను.

వెనుక పుస్తకం తెరిచిన చప్పుడు, నాలుగు మడతలు విప్పిన చప్పుడు.

"మొదటిది… కరెక్టే అక్కా."

"రెండోది?"

"కరెక్టే. మూడోది కరెక్టే. నాలుగు…"

తొమ్మిదీ చదివింది. తొమ్మిదో కాలేజీ పేరు వినేసరికి నేను ఆ గోడకే ఆనుకుని నవ్వాను. గోడ సున్నం జాకెట్టుకు అంటింది. ఆ తండ్రి వచ్చి, "ఏమైంది చెల్లె, ఏడుస్తున్నవా?" అని భయపడ్డాడు. "లేదన్నా, నవ్వుతున్న," అన్నాను. నిజానికి రెండూ.

బయట బండి దగ్గర అతను మిర్చీ బజ్జీలు తినిపించాడు. తింటూ ఆ పిల్ల అడిగింది.

"అక్కా, మీరేం సదివిన్రు?"

"ఇంటరు."

"అటెన్క?"

అప్పుడు గుర్తొచ్చింది, కుడి చివరి ట్యాబు. సెంటరు గోడ గడియారం వైపు చూశాను. ఆరుకు పది నిమిషాలు. నా సర్టిఫికెట్లన్నీ చేవెళ్లలో సొరుగులో ఉన్నాయి.

"అటెన్క ఏం లేదు బిడ్డా. డిగ్రీ ఫారంకు ఇయ్యాల ఆఖరి తారీకుండె," అన్నాను. ఆ పిల్ల తింటున్న మిర్చీ చేతిలోనే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు బాధ కలగలేదు. గుండె మీది రాయి దిగిన సంతోషంలో ఇంకేదీ కనబడలేదు.

మరునాడు అవ్వకు చెబితే గుమ్మడికాయను చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది. "ఆగుతదని ఎనుక పెడితె ఎనుకనే కుళ్లుతది బిడ్డా. దీన్ని గూడ రోజొకపారి తిప్పి చూడాలె."

ఈసారి కూడా సగమే విన్నాను. సెంటర్లో మాత్రం పద్ధతి మార్చాను. ఒక బ్రౌజరులో ఒకే మనిషి, పని అయ్యాక లాగౌట్, ఆ తర్వాతే ఇంకొకరు. ఎవరిది ఎక్కడుందో చీటీ రాసి మానిటరుకు అతికించేదాన్ని, ఒక్కొక్కరికి ఒక్కో రంగు కాగితం. ఓనరు నవ్వేవాడు. "ఏందక్కా, కంప్యూటరుకు బోనాలు జేస్తున్నవా?" కానీ మళ్లీ ఎవరి కట్టా కలవలేదు. నా ఫారం సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రతి ఏడూ తెరిచేదాన్ని, వచ్చే ఏడు అనుకుని మూసేదాన్ని.

ఆ అమ్మాయికి జాబితాలో రెండో కాలేజీలో సీటొచ్చింది. నాలుగేళ్లు బస్సులో పోయి వచ్చింది, పొద్దుగూకే లోపలే. తర్వాత ఆ అద్దాల మేడల్లో ఉద్యోగం. పండగలకూ పబ్బాలకూ వచ్చినప్పుడు మా సెంటరు మెట్లెక్కి పలకరించకుండా పోయేది కాదు.

చూపు మందగించి నేను పని మానేసిన వారానికి, ల్యాప్‌టాప్ సంచీతో మా ఇంటికి వచ్చింది. తెరిచి నా ముందు పెట్టింది. ఒకే ఒక్క ట్యాబు. దూరవిద్య డిగ్రీ ఫారం.

"ఇదేంది బిడ్డా?"

"ఆ దినం మిర్చీ తినుకుంట చెప్పిన్రు గద అక్కా. నా ట్యాబు కోసం మీ ట్యాబు పోయింది. ఇయ్యాల ఇది నింపేదాక ఇంకో ట్యాబు తెరువ, ఇక్కడికెల్లి లేవ."

"ఈ వయసుల నాకెందుకే?"

"ఎందుకో పాసైనంక మీరే చెప్పున్రి."

కొత్త పాస్‌వర్డు పెట్టమని అడిగింది పేజీ. నేను కీబోర్డు మీద వేలు పెట్టేసరికి ఆ పిల్ల కుర్చీ జరుపుకుని గోడవైపు తిరిగింది.

మూడేళ్లు చదివాను. ఇంగ్లిష్ ఒకసారి పోయింది, మళ్లీ రాశాను. ఆదివారం క్లాసుల్లో అందరూ నన్ను మేడమ్ అనుకుని లేచి నిలబడేవాళ్లు. నేను చివరి బెంచీ మీద కూర్చుంటే సిగ్గుపడి కూర్చునేవాళ్లు. ఇవాళ రిజల్టు.

ఎందుకు చదివానో ఇప్పుడు తెలుస్తోంది. ఇంత సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక ఇల్లంతా తిరగడానికి.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు:

కనకమామిడి అమ్మాయి. రెండుసార్లు చేశాను, మీటింగులో ఉన్నట్టుంది. ఎత్తగానే "తొమ్మిదీ కరెక్టే" అంటాను, అర్థమవుతుంది.

వాళ్ల నాన్న. ఫోన్లో చాలా గట్టిగా మాట్లాడతాడు, దూరంగా పట్టుకోవాలి.

మా ఓనరు తమ్మి. రిఫ్రెష్ కొట్టి చూశావా అక్కా అంటాడు, తప్పకుండా అంటాడు.

పెద్దమనిషి. ఇప్పుడు మనవడికి బడి వెతుకుతున్నాడట. ఈసారి దగ్గరిది కావాలట.

చివరి బెంచీ మీద నా పక్కన కూర్చుని నోట్సు ఇచ్చిన అమ్మాయి.

అవ్వ. ముడిమ్యాలలో నా తోడబుట్టిన తమ్ముడి దగ్గర ఉంది. ఫోను చెవి దగ్గర ఎవరైనా పట్టుకోవాలి, ఒక్క మాట పది సార్లు చెప్పాలి, గంటకు తక్కువ పట్టదు. అందుకే చివర రాశాను, నింపాదిగా మాట్లాడొచ్చని.

రాసి చూసుకున్నాను. కొట్టేశాను. అన్నిటికంటే పైన రాశాను.